స్కేల్ మోడల్ విమానాలు కట్టడం, పోటీకి పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాస్టిక్ కిట్లతో విమానాలు కట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లూ, కట్టినదాన్ని మొదటిసారి పోటీ టేబుల్ మీద పెట్టబోతున్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. దాదాపు అన్నీ ఎగరని మోడళ్ల గురించే. రేడియో కంట్రోల్ సంగతి ఒక్కచోటే వస్తుంది.

ఇంత వయసొచ్చాక ఈ బొమ్మలేంటి అని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పాలి?

ఈ మాట పడని మోడలర్ మన దగ్గర ఉండడు. వాదించి గెలిచేది కాదు గానీ, ఈ హాబీకి వయసు మాత్రం బాగానే ఉంది. బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 'పెంగ్విన్' పేరుతో 1/72 ప్లాస్టిక్ విమానాలు అమ్మడం మొదలుపెట్టింది 1936లో. ఎయిర్‌ఫిక్స్ తన మొదటి స్పిట్‌ఫైర్ కిట్ తెచ్చింది 1950లలో. ఈ రోజు మోడలర్లందరూ గౌరవంగా తలచుకునే టమియా 1946లో జపాన్‌లోని షిజువోకాలో కలప వ్యాపారంగా మొదలైంది. ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ, అందరూ ఐపీఎంఎస్ అనేది, 1963లో బ్రిటన్‌లో పుట్టి మరుసటి ఏడాదే అమెరికాకు వెళ్లింది. ఏటా నవంబరులో ఇంగ్లండ్‌లోని టెల్‌ఫర్డ్‌లో జరిగే స్కేల్ మోడల్‌వరల్డ్‌కు వెళ్తే కనిపించేవి ఎక్కువగా నెరిసిన తలలే. ఇంట్లోవాళ్లకు ఆ ఫొటోలు చూపించండి. నమ్మకపోయినా కాసేపు ఊరుకుంటారు.

1/72, 1/48 అంటే ఏమిటి? నాకు ఏది సరిపోతుంది?

అసలు విమానం మోడల్ కంటే ఎన్ని రెట్లు పెద్దదో ఆ అంకె చెబుతుంది. 1/72లో ఒక అంగుళం అంటే అసలు విమానం మీద ఆరు అడుగులు. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. అది 1/72లో సుమారు 10 సెంటీమీటర్లు, 1/48లో 15, 1/32లో 22 అవుతుంది. అదే సుఖోయ్-30 అయితే పొడవే దాదాపు 22 మీటర్లు కాబట్టి 1/48లో 46 సెంటీమీటర్లు పట్టేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న నేవీ నిఘా విమానం టీయూ-142 రెక్కలు 50 మీటర్లు. 1/72లో కడితే 70 సెంటీమీటర్ల చోటు కావాలి. మన ఫ్లాట్లలో ఆ చోటెక్కడ? అందుకే పెద్ద విమానాలకు 1/144 ఉంది.

ఇంకో లెక్క కూడా చూడండి. 1/72 మోడల్ మీద అతుకు దగ్గర 0.1 మిల్లీమీటర్ మెట్టు మిగిలిందంటే, అసలు విమానం మీద అది 7 మిల్లీమీటర్ల పైచిలుకు మెట్టు. చిన్న స్కేల్ సులువు అనుకోవడం పొరపాటు. పని తక్కువ ఉంటుంది, తప్పు దాచుకునే చోటు కూడా తక్కువే. కళ్లజోడు వచ్చిన వయసైతే 1/48తో మొదలుపెట్టడం మేలు.

మొదటి కిట్ ఏది కొనాలి?

ఒకే ఇంజిన్, ఒకే జత రెక్కలు, మచ్చల మచ్చల కామోఫ్లాజ్ రంగు ఉన్న రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్. స్పిట్‌ఫైర్, మస్టాంగ్, జీరో లాంటివి. మెరిసే లోహపు రంగు విమానం, రెండు అంతస్తుల రెక్కలున్న బైప్లేన్ ఇప్పుడే వద్దు. లోహపు రంగు కింద చిన్న గీత కూడా దాగదు.

కొనేముందు ఆ కిట్ అచ్చు ఎప్పటిదో కనుక్కోండి. పెట్టె మీద బొమ్మ కొత్తగా వేసి, లోపల నలభై ఏళ్ల నాటి అచ్చులో పోసిన భాగాలు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. ప్యానెల్ గీతలు (విమానం ఒంటి మీద రేకులు కలిసే చోట్లను చూపే గీతలు) లోపలికి చెక్కినట్టు కాకుండా పైకి ఉబ్బి ఉన్నాయంటే పాత అచ్చు అని అర్థం. కట్టలేమని కాదు. మొదటి కిట్‌గా మాత్రం విసుగు పుట్టిస్తుంది.

మన వాయుసేన విమానం కట్టాలని ఉంది. కిట్ పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కడితే సరిపోతుందా?

చాలాసార్లు సరిపోదు. నాట్ సంగతే తీసుకోండి. ఎయిర్‌ఫిక్స్ 1/72 నాట్ టీ.1 చవకగా దొరుకుతుంది, మనవాళ్లు ఆశగా కొంటారు. అది బ్రిటిష్ వాయుసేన విన్యాసాల జట్టు రెడ్ యారోస్ నడిపిన రెండు సీట్ల ట్రైనర్. 1965, 1971 యుద్ధాల్లో మనవాళ్లు నడిపింది ఒక సీటు ఫైటర్. ముక్కు వేరు, కానపీ (పైలట్ మీద ఉండే పారదర్శక మూత) వేరు, రెక్క కూడా వేరు. మన గుర్తులు అంటించినంత మాత్రాన ఆ ట్రైనర్, 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ నడిపిన విమానం అయిపోదు.

సీ హారియర్ కొంత నయం. మన నేవీ ఎఫ్ఆర్ఎస్.51 బ్రిటిష్ ఎఫ్ఆర్ఎస్.1కి బాగా దగ్గర. కానీ బ్రిటిష్ వాళ్లు సైడ్‌వైండర్ క్షిపణులు తగిలించేవారు, మనవాళ్లు ఫ్రెంచి మ్యాజిక్ వాడారు. ఆ జత వేరే కిట్ నుంచి తెచ్చుకోవాలి.

మిగ్-21 అయితే పెద్ద కథ. 1963లో వచ్చి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేదాకా మన దగ్గర చాలా రకాలు ఎగిరాయి. ఎఫ్ఎల్‌కు వీపు సన్నగా ఉంటుంది, ఒంట్లో తుపాకీ ఉండదు. బిస్‌కు వీపు బాగా ఉబ్బెత్తు. కాబట్టి ముందు మీకు కావలసిన విమానం ఫొటో, తోక మీద నంబరుతో సహా, చేతిలో పెట్టుకుని తర్వాత కిట్ వెతకండి. కిట్ కొన్నాక ఫొటో వెతికితే నిరాశే మిగులుతుంది.

అసలు విమానాన్ని దగ్గరగా చూసే వీలు ఎక్కడ ఉంది?

తెలుగువాళ్లకు విశాఖపట్నం వరం. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం 2017 డిసెంబరు నుంచి ఉంది, విమానం లోపలికి కూడా వెళ్లి చూడవచ్చు. అక్కడే సీ హారియర్ కూడా ఉంది. బెంగళూరులో హెచ్ఏఎల్ మ్యూజియం, గోవాలో నేవీ విమానాల మ్యూజియం, ఢిల్లీ పాలంలో వాయుసేన మ్యూజియం ఉన్నాయి. బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగినప్పుడు ఎగిరే విమానాలనే దగ్గరగా చూడొచ్చు.

వెళ్తే అందరూ తీసే ఫొటో తీసుకుని రాకండి. చక్రాల గూడు లోపల పైపులు, టైరు మీద గాడులు, గేర్ డోర్ అంచు మందం, ఎగ్జాస్ట్ లోపలి రంగు, రెక్క మొదట్లో మసి పట్టిన తీరు తీయండి. ఆరు నెలల తర్వాత పనికొచ్చేవి ఇవే. ఒక జాగ్రత్త: మ్యూజియంలో నిలబెట్టిన విమానాలకు ఎన్నోసార్లు రంగులు వేస్తారు. ఆకారానికి వాటిని నమ్మండి, రంగుకు సర్వీసులో ఉన్నప్పటి ఫొటోలనే నమ్మండి. ఇక వాయుసేన స్థావరాల దగ్గర కెమెరా జోలికి పోవద్దు.

పనిముట్లు ఏమేం కావాలి?

స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాలు కోయడానికి మంచి నిప్పర్, హాబీ కత్తి, 400 నుంచి 2000 నంబరు దాకా సాండ్‌పేపర్లు, ట్వీజర్, టమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటి జిగురు, పుట్టీ, మాస్కింగ్ టేప్. ఎయిర్‌బ్రష్ మొదటి రోజే అక్కర్లేదు, పోటీ ఆలోచన ఉంటే తర్వాతైనా తప్పదు. 0.3 నాజిల్ ఉన్న డబుల్ యాక్షన్ ఒకటి చాలు. కంప్రెసర్‌కు ట్యాంకు, నీటిని పట్టే ట్రాప్ ఉండాలి. లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే) రంగులు కొడితే గుడ్డ మాస్కు పనికిరాదు, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కే కావాలి. ఇందులో మాత్రం పొదుపు చేయకండి.

కిట్లు బయటి నుంచి తెప్పిస్తే ఇంత ఖరీదు ఎందుకు అవుతోంది?

కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు, పిల్లల బొమ్మలు ఒకే శీర్షిక కింద ఉన్నాయి. ఆ బొమ్మల మీద సుంకం 2020 బడ్జెట్లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. దాని మీద జీఎస్టీ, కొరియర్ వాళ్ల ఖర్చులు వేరే. ఆర్డర్ పెట్టేముందు అప్పటి రేటు చూసుకోండి. రంగులు, థిన్నర్లు మండే సరుకు కాబట్టి విమానంలో పంపడానికి కొరియర్లు ఒప్పుకోవు. వాటిని దేశంలోని హాబీ షాపుల్లోనే కొనడం తెలివైన పని.

వానాకాలంలో రంగు కొడితే తెల్లటి పొర వస్తోంది. ఎందుకు?

కోస్తాలో ఉన్న ప్రతి మోడలర్‌కూ తెలిసిన బాధ ఇది. లాకర్ థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఆ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు రంగు మీద పేరుకుని పాలలాంటి పొర కడుతుంది. నల్ల రంగు మీద, గ్లాస్ (మెరిసే) కోటు మీద మరీ ఎక్కువగా తెలుస్తుంది.

నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడటం మొదటి మందు. మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ లాంటి వాటిలో ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిసే ఉంటుంది. ఏసీ గదిలో అరగంట ఏసీ నడిపాక కొట్టడం రెండోది, ఎందుకంటే ఏసీ చల్లదనంతో పాటు తేమనూ లాగేస్తుంది. ఆవిర్లు బయటికి పోయే దారి మాత్రం చూసుకోవాలి. పొర వచ్చేసిందంటే కంగారుపడి గీకకండి. తడి తగ్గిన రోజు అదే థిన్నర్‌ను పల్చగా పైన కొడితే చాలావరకు కరిగి సర్దుకుంటుంది.

మే నెలలో రామగుండంలోనో నంద్యాలలోనో కొట్టేవాళ్లది తిరకాసు సమస్య. రంగు మోడల్‌ను తాకేలోపే గాల్లో ఆరిపోయి గరుకుగా పడుతుంది. యాక్రిలిక్ అయితే సూది కొస మీదే ఎండి నాజిల్ మూసుకుపోతుంది. థిన్నర్ పాలు పెంచి, ప్రెషర్ 15 పీఎస్ఐ దగ్గర ఉంచి, మోడల్‌కు దగ్గరగా కొట్టండి. పొద్దున్నే ఆరింటికి కొట్టడం అన్నిటికన్నా సులువు, కరెంటు కూడా అప్పుడే ఉంటుంది.

అతుకు కనిపించకుండా చేయడం ఎలా? పోటీలో అది అంత ముఖ్యమా?

అన్నిటికంటే అదే ముఖ్యం. నా మటుకు నేను పోటీకి సగం పని అతుకుల దగ్గరే అయిపోతుందంటాను.

ఫ్యూజిలేజ్, అంటే విమానం ఒళ్లు, రెండు సగాలుగా వస్తుంది. వాటిని దగ్గరకు పట్టుకుని పల్చటి జిగురు బ్రష్‌తో గీత వెంట తాకిస్తే అది సందులోకి దానంతట అదే పాకుతుంది. ఈ జిగురు రెండు ముక్కల్ని అంటించడం కాదు, ప్లాస్టిక్‌నే కరిగించి ఒకటి చేస్తుంది. పది సెకన్లు ఆగి రెండు సగాల్ని గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి తీగలా పైకి ఉబ్బుతుంది. అలా ఉబ్బిందంటే లోపల ఖాళీ లేదని గుర్తు. ఇప్పుడు అసలు పరీక్ష వస్తుంది: ఒకటి రెండు రోజులు ముట్టుకోకుండా ఉండాలి. ఆరీ ఆరక ముందు సాండ్ చేస్తే అప్పటికి నున్నగానే ఉంటుంది. రంగు వేసిన వారానికి లోపలి ప్లాస్టిక్ ఇంకా కుంచించుకుని అదే చోట లోయ పడుతుంది.

ఆరాక 400తో మొదలెట్టి 1000 దాకా, వీలైతే తడిపి, సాండ్ చేయండి. వేలికి పేపర్ చుట్టి రుద్దితే గుండ్రటి వీపు చదునైపోతుంది. మెత్తటి స్పాంజి ముక్క వెనక పెట్టుకోండి. తర్వాత గ్రే ప్రైమర్ (అసలు రంగు కింద వేసే పొర). ప్రైమర్ మీద టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే కంటికి ఆనని గీత నీడలా తేలుతుంది. గోరు అడ్డంగా నడిపించి చూడండి, ఎక్కడైనా తట్టుకుందంటే పని మిగిలినట్టే. పుట్టీ, సాండింగ్, మళ్లీ ప్రైమర్. చెరిగిపోయిన ప్యానెల్ గీతల్ని స్క్రైబర్‌తో తిరిగి గీయడం కూడా ఇందులో భాగమే. వీపు మీద అతుకు మాయమైంది, దాంతో పాటు అడ్డ గీతలూ మాయమయ్యాయంటే జడ్జి కంటికి అదీ లోపమే.

వదిలేసే చోట్లు ఎప్పుడూ ఇవే: రెక్క ముందు అంచు, డ్రాప్ ట్యాంకులు, బాంబులు, చక్రాలు, జెట్ ఇన్‌టేక్ లోపల. మిగ్-21 ముక్కు దగ్గర ఉండే రింగ్ లోపలి వైపు ఎవరూ చూడరనుకుంటారు. జడ్జి టార్చ్ మొదట వెళ్లేది అక్కడికే.

కానపీ మబ్బు పట్టినట్టు తెల్లబడింది. ఏం జరిగింది?

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ వాడి ఉంటారు. ఆరేటప్పుడు దాని ఆవిరి పారదర్శక భాగం మీద తెల్లగా పేరుకుంటుంది. కానపీకి మామూలు ఫెవికాల్ చాలు, ఆరాక పారదర్శకంగా ఉంటుంది, పొంగినది తడి బ్రష్‌తో తుడిస్తే పోతుంది. కాక్‌పిట్‌లో ఎక్కడైనా సూపర్ గ్లూ వాడితే ఒక రోజంతా గాలికి వదిలి తర్వాతే కానపీ మూయండి. మూశాక లోపల ఒక్క దుమ్ము రేణువు కనబడినా మళ్లీ విప్పడమే గతి.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తు) చుట్టూ వెండిలా మెరుస్తోంది. ఎలా పోగొట్టాలి?

డెకాల్ కింద చిక్కుకున్న గాలి అది. గరుకుగా ఉన్న మ్యాట్ రంగు మీద అంటిస్తే వస్తుంది. ముందు గ్లాస్ కోటు కొట్టి అద్దంలా ఆరాక అంటించండి. కింద మైక్రో సెట్, పైన మైక్రో సోల్ అనే ద్రవాలు రాస్తే డెకాల్ మెత్తబడి ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. సోల్ రాశాక ముడతలు పడుతుంది, భయపడి వేలు పెట్టకండి, అదే సర్దుకుంటుంది. అప్పటికే వెండి మెరుపు వచ్చి ఉంటే సూదితో చిన్న చిల్లులు పొడిచి మళ్లీ సోల్ వేయండి. ఆ మీదట ఇంకో గ్లాస్ కోటు, చివరికి మ్యాట్ లేదా సెమీ గ్లాస్.

వెదరింగ్ (వాడకపు మురికి, అరుగుదల చూపించడం) ఎంత చేయాలి?

మీరు ఎంచుకున్న విమానం ఫొటోలో ఎంత ఉందో అంత. ప్రతి ప్యానెల్ గీతలో నల్ల వాష్ (బాగా పల్చన చేసిన రంగు) నింపి రెక్క మీద ముగ్గేసినట్టు చేయడం ఇప్పుడొక ఫ్యాషన్. ఫోనులో ఫొటోకు బాగుంటుంది, టేబుల్ మీద కృతకంగా ఉంటుంది. లేత రంగు విమానానికి నలుపు బదులు బూడిద రంగు వాష్ వాడండి. క్యామ్లిన్ ఆయిల్ కలర్లు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి. మురికి ఎక్కడి నుంచి వచ్చిందో చూడగానే తెలియాలి: ఎగ్జాస్ట్ మసి గాలి పోయే దిక్కుకే సాగాలి, రంగు పెచ్చులు మెకానిక్ కాలు పెట్టే చోటే ఊడాలి.

జడ్జీలు నిజంగా ఏం చూస్తారు?

ఐపీఎంఎస్ తరహా పోటీల్లో ఒక్కో విభాగానికి మామూలుగా ముగ్గురు జడ్జీలు కలిసి తిరుగుతారు. మోడల్‌ను ముట్టుకోరు. వంగి, పక్క నుంచి, కింద నుంచి టార్చ్ వేసి చూస్తారు. ముందు బేసిక్స్: అతుకులు, జిగురు మరకలు, అచ్చు నుంచి వచ్చిన గుండ్రటి గుంటలు, రంగులో దుమ్ము, వేలిముద్రలు, డెకాల్ మెరుపు, కానపీ శుభ్రత.

ఆ వెంటనే చూసేది అమరిక. ముందు నుంచి చూస్తే రెండు రెక్కలూ ఒకే కోణంలో ఉన్నాయా? మిగ్-21 రెక్కలు రెండు డిగ్రీలు కిందికి వంగి ఉంటాయి, రెండూ సమానంగా వంగాలి. ఇంట్లో దీన్ని కొలవడం తేలిక. గాజు పలక మీద మోడల్‌ను నిలబెట్టి రెండు రెక్కల కొసల ఎత్తు స్కేలుతో చూడండి. పై నుంచి చూసి రెండు కొసల నుంచి తోక కొసకు దూరం కొలవండి. తోక నిటారుగా ఉందా, మూడు చక్రాలూ నేలను తాకాయా, క్షిపణులన్నీ ఒకే వైపు చూస్తున్నాయా? ఏదైనా వంకరగా ఉంటే మీ కాక్‌పిట్‌లో ఎన్ని స్విచ్‌లు ఉన్నాయన్నది ఎవరికీ పట్టదు.

నిండుగా ఉన్న టేబుల్ దగ్గర జడ్జీల పని మొదట తీసేయడమే. ఇరవై మోడళ్లలో బేసిక్స్ తప్పినవి పక్కకు పోతే ఐదారు మిగులుతాయి. డీటెయిలింగ్, పని కష్టం, మొత్తం మీద కంటికి ఆనే తీరు అప్పుడు లెక్కలోకి వస్తాయి. బోలెడు డబ్బు పోసి విడిగా కొన్న రెజిన్ ఇంజిన్, ఫొటో ఎచ్ (సన్నటి లోహపు రేకు) భాగాలు అన్నీ పెట్టిన మోడల్ ఓడిపోయి, పక్కన పెట్టెలోంచి తీసి శుభ్రంగా కట్టిన చిన్న మోడల్ గెలవడానికి కారణం ఇదే. అదనపు భాగం ఒక్కొక్కటీ ఇంకో అతుకు, ఇంకో అమరిక, తప్పు జరిగే ఇంకో చోటు.

తోక మీద కూర్చునే విమానానికి ఏం చేయాలి?

ముందు చక్రం ఉన్న విమానాలకు ముక్కులో బరువు పెట్టాలి. గాలానికి కట్టే సీసపు గుండ్లు చవక. ఫ్యూజిలేజ్ మూయకముందే టేప్‌తో అన్నీ తగిలించి చూసుకోండి, మూశాక దారి లేదు.

ఫస్ట్, సెకండ్, థర్డ్ పద్ధతికీ గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ పద్ధతికీ తేడా ఏంటి?

మొదటి పద్ధతిలో ఆ రోజు ఆ టేబుల్ మీదున్న మోడళ్లను ఒకదానితో ఒకటి పోల్చుతారు. విభాగంలో ఎంతమంది ఉన్నా బహుమతులు మూడే. 1/48 జెట్ల లాంటి విభాగంలో అద్భుతమైన మోడల్ కూడా నాలుగోదై ఉత్త చేతులతో రావచ్చు. రెండో పద్ధతిలో ప్రమాణంతో పోల్చుతారు. ఆ స్థాయి అందుకున్న అందరికీ గోల్డ్ వస్తుంది, ఎవరూ అందుకోకపోతే ఎవరికీ రాదు. కొత్తవాళ్లకు రెండోదే మంచిది, మీ పని ఎక్కడుందో అది చెబుతుంది. మొదటిది ఆ రోజు ఎవరెవరు వచ్చారన్నదే ఎక్కువగా చెబుతుంది.

రంగు షేడ్ కొంచెం తేడా ఉంటే మార్కులు పోతాయా?

ప్లాస్టిక్ మోడళ్ల పోటీల్లో దాదాపు పోవు. జడ్జీలందరికీ అన్ని విమానాలూ తెలియవు, తెలిసినా కట్టిన తీరుకే ముందు చోటు. టెన్షన్ పడాల్సింది షేడ్ గురించి కాదు, దాని కింద గీత గురించి. ఎవరికీ తెలియని మార్పు ఏదైనా మోడల్‌లో ఉంటే మాత్రం ఆ ఫొటో ఒకటి పక్కన పెట్టండి. లేకపోతే తెలిసి చేసినదాన్ని కూడా తప్పనుకుంటారు. ఎంట్రీ ఫారంలో సొంతంగా చేసిన భాగాలు రెండు మూడు లైన్లలో రాయండి. నాలుగు పేజీలు రాస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

'అవుట్ ఆఫ్ ది బాక్స్' విభాగంలో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

పెట్టెలో ఇచ్చిన భాగాలతోనే కట్టాలి. పుట్టీ, సాండింగ్, తుపాకీ గొట్టాలకు రంధ్రం తొలవడం, మందపు అంచుల్ని పల్చన చేయడం, టేపుతో సీటు బెల్టులు, యాంటెన్నా తీగలు సాధారణంగా ఒప్పుకుంటారు. రెజిన్ సీట్లు, పెట్టెలో లేని ఫొటో ఎచ్ కుదరవు. బయటి డెకాల్స్ చాలాచోట్ల సరే. ఇన్‌స్ట్రక్షన్ షీట్ మోడల్ పక్కన పెట్టమంటారు, పారేయకండి. షోకీ షోకీ నిబంధనలు మారతాయి కాబట్టి ముందే చదువుకోండి. మొదటి పోటీకి ఇంతకంటే మంచి విభాగం లేదు.

బైప్లేన్ తీగలు కష్టమా?

తీగ కట్టడం కాదు కష్టం, పై రెక్కను సమంగా నిలబెట్టడం. సాగే సన్నటి లైక్రా దారం గానీ గాలానికి వాడే సన్నటి నైలాన్ గానీ వాడుకోవచ్చు. పక్కపక్కనే వెళ్లే రెండు తీగలు సమాంతరంగా లేకపోతే గది అవతలి నుంచే తెలిసిపోతుంది.

పోటీలు ఎక్కడ జరుగుతాయి? అమెరికాలో ఉన్న మనవాళ్లు చేరొచ్చా?

నిరభ్యంతరంగా చేరొచ్చు. అమెరికాలో ఐపీఎంఎస్ స్థానిక శాఖలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, నెలకోసారి కలుస్తుంటారు. జాతీయ పోటీలు ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతాయి. 2023లో టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో, 2024లో మాడిసన్‌లో, 2025లో వర్జీనియాలోని హాంప్టన్‌లో జరిగాయి. ఆస్టిన్‌లో ఉండే తెలుగువాళ్లకు శాన్ మార్కస్ కారులో గంట లోపే. పిల్లలకు జూనియర్ విభాగాలు వేరుగా ఉంటాయి, వాటిలో పోటీ తక్కువ, ఉత్సాహం ఎక్కువ. మొదటిసారి మోడల్ లేకుండా వెళ్లి చూసి రావడం మంచిది. గెలిచిన మోడళ్లను టార్చ్ వెలుగులో చూస్తే ఏ వీడియో నేర్పనిది తెలుస్తుంది.

ఎగిరే మోడళ్లకూ ఇదే జడ్జింగా?

కాదు. రేడియో కంట్రోల్ స్కేల్ మోడళ్లకు విమాన క్రీడల ప్రపంచ సంస్థ ఎఫ్ఏఐ నిర్వహించే ఎఫ్4సీ తరగతి ఉంది. అందులో నేల మీద నిలబెట్టి చూసి వేసే మార్కులు, ఎగిరేటప్పుడు వేసే మార్కులు కలుపుతారు. అక్కడ డాక్యుమెంట్లు తప్పనిసరి. మీ మోడల్‌ను మీరు ఇచ్చిన ఫొటోలు, డ్రాయింగులతో పోల్చి చూస్తారు. రంగు ఆధారం చూపకపోతే మార్కులు కోస్తారు. ప్లాస్టిక్ టేబుల్ దగ్గర పట్టించుకోని షేడ్ గొడవ అక్కడ నిజంగానే గొడవ.

మోడల్‌ను పాడవకుండా షోకు ఎలా తీసుకెళ్లాలి?

రెక్కలకూ తోకకూ ఏదీ తగలకూడదు, కదలకూడదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున ఫోమ్ అంటించి, ఫ్యూజిలేజ్ కిందా రెక్క మొదట్లోనూ మాత్రమే ఆనేలా గాడులు కోయండి. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి. ఎండలో కారులో వేడెక్కితే బుడగల ముద్రలు రంగు మీద పడతాయి. రైల్లో అయితే ఒళ్లో పెట్టుకోవడమే, పై బెర్త్ మీద వద్దు. పీటో ట్యూబు (ముందుకు పొడుచుకొచ్చే సన్నటి గొట్టం), యాంటెన్నాలు విడిగా తీసుకెళ్లి అక్కడ తగిలించే వీలుంటే ఇంకా మంచిది. ట్వీజర్, ఫెవికాల్, సూపర్ గ్లూ, టచప్ రంగు, సన్నటి బ్రష్ సంచిలో ఉండాలి. ఏదో ఒకటి ఊడకుండా ఉండదు.

బహుమతి రాలేదు. జడ్జిని అడగొచ్చా?

ఫలితాలు వచ్చాక, మర్యాదగా, "ఏం సరిచేసుకోమంటారు?" అని అడగండి. చాలామంది టార్చ్ తీసి చూపిస్తారు. "వాడిదెందుకు గెలిచింది?" అని అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది. జడ్జీలు కూడా మనలాంటి మోడలర్లే, మధ్యాహ్నం భోజనం మానుకుని చూస్తారు. ఒక్కోసారి పొరబడతారు కూడా. నిబంధన తప్పారనిపిస్తే హెడ్ జడ్జితో చెప్పండి. రుచి విషయంలో తేడా అయితే వదిలేయండి. వీలైతే వచ్చే షోలో మీరే ట్రైనీ జడ్జిగా చేరండి. ఇతరుల ఇరవై మోడళ్లలో లోపాలు వెతికాక మీ మోడల్ మీకు వేరుగా కనబడుతుంది.

ఇంట్లో ఎలా దాచుకోవాలి?

అద్దాల బీరువాలో, ఎండ నేరుగా పడని గోడ దగ్గర. ఎండకు డెకాల్స్ పసుపెక్కుతాయి, రంగు వెలుస్తుంది. బీరువా లోపల వేడెక్కే బల్బు కాకుండా ఎల్ఈడీ పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వానాకాలంలో మార్చుతూ ఉండండి. దుమ్ము పడితే గుడ్డతో తుడవకండి, మేకప్‌కు వాడే మెత్తటి పెద్ద బ్రష్‌తో ముక్కు నుంచి తోక వైపు ఊడ్చండి. అటు నుంచి ఇటు ఊడిస్తే యాంటెన్నాలు పోతాయి. బీరువాకు తాళం ఉండాలి, పండక్కి చుట్టాల పిల్లలు వస్తారు.